సాగు యంత్రాల ప్రమాదాలు: తరచుగా కనిపించే కారణాలు, పాటించాల్సిన జాగ్రత్తలు

వ్యవసాయంలో యంత్రాల వినియోగం శ్రమను తగ్గించింది, అదనులో పని పూర్తయ్యే వీలు కల్పించింది. అయితే క్షణకాలం ఏమరుపాటు చాలు, అదే యంత్రం వేళ్లను, చేతులను, కాళ్లను, కొన్ని సందర్భాల్లో ప్రాణాలనే హరిస్తోంది. గనులు, నిర్మాణ రంగంతో పాటు వ్యవసాయాన్ని కూడా అత్యంత ప్రమాదకరమైన మూడు రంగాల్లో ఒకటిగా అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిగణిస్తోంది. ప్రపంచంలో ఏటా కనీసం 1,70,000 మంది వ్యవసాయ కార్మికులు పనిచేస్తూ మరణిస్తున్నారని, ట్రాక్టర్లు, కోత యంత్రాల వంటివే ఈ ప్రమాదాల్లో ముందు వరుసలో ఉన్నాయని ఆ సంస్థ అంచనా.

ప్రమాదం జరిగినప్పుడు దానిని దురదృష్టమనో, బాధితుడి అజాగ్రత్త అనో సరిపెట్టుకోవడం పరిపాటి. కానీ కారణాలను వరుసగా పరిశీలిస్తే కొద్దిపాటి అంశాలే మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. ఇంజిన్ ఆపకుండా లోపలికి చేయి పెట్టడం, రక్షణ కవచాలను తొలగించడం, మనుషులు ఎక్కకూడని చోట ఎక్కడం, యంత్రానికి అనువుకాని నేలపై దానిని నడపడం వీటిలో ముఖ్యమైనవి. ఇవన్నీ ముందుగా తెలిసిన కారణాలే. కనుక ఈ ప్రమాదాల్లో అధిక భాగం నివారించదగినవే.

ఫెరార్గంజ్: వాలు నేల, వాన, దూరం

దక్షిణ అండమాన్ జిల్లాలోని ఫెరార్గంజ్‌కు 1920లలో అండమాన్ చీఫ్ కమిషనర్‌గా పనిచేసిన మైకేల్ లాయిడ్ ఫెరార్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. తుష్నాబాద్, హెర్బర్టాబాద్, ఒగ్రాబ్రాజ్, మీఠాఖాడీ, వింబర్లీగంజ్ వంటి గ్రామాలతో కూడిన ఈ తహసీలులో కొండవాలుల్లో కొబ్బరి, వక్క తోటలు, పల్లపు నేలల్లో వరి, కూరగాయల సాగు కనిపిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 13 శాతం. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వలస వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ.

ఈ ప్రాంతపు భౌగోళిక పరిస్థితులు యంత్రాల వినియోగాన్ని మైదాన ప్రాంతాల కంటే క్లిష్టతరం చేస్తాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ దీవుల్లో మే నుంచి డిసెంబరు వరకు నేల తడిగానే ఉంటుంది. తడిసిన వాలుపై చక్రానికి పట్టు ఉండదు, మనిషి కాలికీ పట్టు ఉండదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ, భూకంపాల తర్వాత దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, పల్లపు పొలాల్లోకి ఉప్పునీరు చేరింది. అటువంటి మెత్తని నేలల్లో గట్టు అంచున నిలిపిన యంత్రం ఒరిగిపోయే అవకాశం ఎక్కువ. సముద్రపు గాలిలోని ఉప్పు వల్ల బోల్టులు, బ్రేకు కడ్డీలు, కవచాల రేకులు త్వరగా తుప్పు పడతాయి. విడిభాగాల్లో చాలావరకు ప్రధాన భూభాగం నుంచి రావలసిందే. ఊడిపోయిన కవచం లేకున్నా యంత్రం నడుస్తుంది కాబట్టి దానిని తిరిగి బిగించే పని వాయిదా పడుతుంది. ప్రమాదానికి తొలి అవకాశం అక్కడే ఏర్పడుతుంది.

పవర్ టిల్లర్: వెనుకకు నడిపేటప్పుడే అసలు ముప్పు

చిన్న కమతాలకు, చెట్ల నడుమ దున్నడానికి అనువైన యంత్రం పవర్ టిల్లర్. నడిపే వ్యక్తి దాని వెనుకే నడుస్తాడు. తిరిగే రోటరీ పళ్లు అతని పాదాలకు అడుగు దూరంలోనే ఉంటాయి. రివర్స్ గేరు వేసినప్పుడు పిడి ఒక్కసారిగా పైకి లేవవచ్చు, లేదా యంత్రం వేగంగా మీదికి రావచ్చు. ఆ సమయంలో కాలు జారితే పాదం నేరుగా పళ్ల కిందికి వెళుతుంది. కొబ్బరి, వక్క తోటల్లో వెనుక చెట్టు ఉన్న సంగతి గమనించకపోతే మనిషి చెట్టుకూ పిడికీ మధ్య నలిగిపోతాడు. అందువల్ల రివర్స్ గేరు వేయడానికి ముందు రోటరీకి వెళ్లే చలనాన్ని తప్పనిసరిగా విడదీయాలి. వెనుక ఖాళీ స్థలం ఉన్నదో లేదో చూసుకోవాలి. క్లచ్‌ను మెల్లగా వదలాలి.

వాలు నేలపై మరొక ప్రత్యేక ప్రమాదం పొంచి ఉంటుంది. సమతల నేలపై కుడి పిడి కింద ఉన్న స్టీరింగ్ క్లచ్ నొక్కితే టిల్లర్ కుడివైపు తిరుగుతుంది. దిగుడు వాలులో మాత్రం ఇది తారుమారవుతుంది. క్లచ్ నొక్కిన వైపు చక్రం ఇంజిన్ పట్టు నుంచి విడిపోయి వేగంగా దొర్లడం వల్ల యంత్రం ఎదురు దిశకు తిరుగుతుంది. ఈ సంగతి తెలియని కొత్త చోదకుడు లోయ నుంచి తప్పించబోయి లోయలోకే నడిపే ప్రమాదం ఉంది. నిటారు వాలులో స్టీరింగ్ క్లచ్‌ను వాడకుండా, తక్కువ గేరులో, పిడిని బలంగా పట్టి చేతులతోనే దిశ మార్చాలి. దిగేటప్పుడు ప్రధాన క్లచ్‌ను విడదీసి యంత్రాన్ని దానంతట అది దొర్లనివ్వకూడదు.

పళ్లకు గడ్డి, తీగలు, పాత తాళ్లు చుట్టుకున్నప్పుడు ఇంజిన్ నడుస్తుండగానే వాటిని లాగడం మరొక సాధారణ పొరపాటు. ఇంజిన్‌ను పూర్తిగా ఆపి, పళ్లు నిలిచిన తర్వాతే శుభ్రం చేయాలి.

ట్రాక్టర్ బోల్తా: స్పందించే వ్యవధి ఉండదు

ట్రాక్టర్ ప్రమాదాల్లో అత్యంత ప్రాణాంతకమైనది బోల్తా పడటం. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. గట్టు అంచున, కాలువ పక్కన, అడ్డంగా వాలిన నేలపై నడిపేటప్పుడు లేదా వేగంగా మలుపు తిప్పేటప్పుడు పక్కకు ఒరగడం మొదటిది. పొలంలో విడివిడిగా వాడే రెండు వెనుక బ్రేకులను రోడ్డుపైకి వచ్చినప్పుడు కలిపి బిగించకపోవడం కూడా దీనికి దారితీస్తుంది. బ్రేకు ఒకవైపే పడి ట్రాక్టర్ ఒక్కసారిగా తిరిగిపోతుంది.

ముందు భాగం పైకి లేచి వెనుకకు తిరగబడటం రెండవది. బరువును డ్రాబార్‌కు కాకుండా అంతకంటే ఎత్తున గొలుసుతో కట్టి లాగినప్పుడు ఇది సంభవిస్తుంది. దమ్ము చేసేటప్పుడు బురదలో దిగబడిన వెనుక చక్రాలకు దుంగ కట్టి, గట్టిగా ముందుకు నడపడం మరీ ప్రమాదకరం. చక్రం తిరగలేనప్పుడు ఇంజిన్ శక్తి అంతా ట్రాక్టర్ ముందు భాగాన్ని పైకెత్తుతుంది. వెనుకకు తిరగబడటం సుమారు ఒకటిన్నర సెకనులో పూర్తవుతుంది. అందులో సగం సమయం గడిచేసరికే ఇక ఆపడం సాధ్యం కాదు. ప్రమాదం జరుగుతోందని మెదడు గ్రహించేలోపే ఆ వ్యవధి ముగిసిపోతుంది. దిగబడిన ట్రాక్టర్‌ను వెనుకకు తీయడానికి ప్రయత్నించడం, అది కుదరకపోతే మరొక వాహనంతో లాగించడం మాత్రమే సురక్షిత మార్గాలు.

కొత్త ట్రాక్టర్లకు బోల్తా రక్షణ చట్రం ఉండాలని స్వీడన్ 1959లోనే నిబంధన విధించింది. ఆ తర్వాత అక్కడ బోల్తా మరణాలు బాగా తగ్గాయి. పలు దేశాలు అదే బాట పట్టాయి. చోదకుడి సీటు వెనుక నిలువుగా ఉండే ఈ ఉక్కు చట్రం, సీటు బెల్టుతో కలిపి వాడినప్పుడే పూర్తి రక్షణనిస్తుంది. చట్రం లేని ట్రాక్టర్‌పై బెల్టు పెట్టుకోకూడదు. బోల్తా పడితే చోదకుడు ట్రాక్టర్ కిందే చిక్కుకుంటాడు.

తిరిగే షాఫ్టులు, నూర్పిడి యంత్రాలు

ట్రాక్టర్ వెనుక భాగంలోని పీటీవో షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. షాఫ్టు చుట్టుకొలత 25 సెంటీమీటర్లు అనుకుంటే, చీర కొంగు గానీ, పంచె అంచు గానీ చిక్కిన ఒక్క సెకనులో రెండు మీటర్లకు పైగా గుడ్డ చుట్టుకుపోతుంది. మనిషి వెనక్కి లాక్కునే లోపే శరీరం షాఫ్టు మీదికి చేరుతుంది. షాఫ్టుపై ప్లాస్టిక్ తొడుగు, దాని మొదట్లో రక్షణ కప్పు లేకుండా యంత్రాన్ని నడపరాదు. తిరుగుతున్న షాఫ్టును దాటడం, దానిపై నుంచి వంగి పనిముట్టును సర్దడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

నూర్పిడి యంత్రాలు, గడ్డి నరికే యంత్రాలు, చెరకు గానుగల వద్ద అధికంగా గాయపడేవి చేతులే. పంటను లోపలికి తోసే క్రమంలో, ఇరుక్కున్న మోపును చేత్తో నెట్టే ప్రయత్నంలో వేళ్లు లోనికి వెళతాయి. పొట్టి తొట్టి ఉన్న యంత్రాల్లో చేయి నేరుగా డ్రమ్మును చేరుతుంది. ఈ కారణంగానే భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 9020 ప్రమాణంలో పంట వేసే తొట్టి కనీసం 900 మిల్లీమీటర్ల పొడవు ఉండాలని, అందులో 450 మిల్లీమీటర్ల మేర పైకప్పు ఉండాలని నిర్దేశించింది. సగటు మనిషి చేయి డ్రమ్ము వరకు అందకుండా చేయడమే ఈ కొలతల ఉద్దేశం. కొనేటప్పుడు గానీ, అద్దెకు తెచ్చేటప్పుడు గానీ టేపుతో కొలిచి చూసుకోగల అంశమిది.

గాజులు, వదులు చొక్కా చేతులు, మెడలో వేలాడే తువ్వాలు, విప్పి ఉన్న జుట్టు ప్రమాద తీవ్రతను పెంచుతాయి. కొంగును నడుముకు బిగించి, జుట్టును ముడివేసి పని చేయాలి. మద్యం సేవించిన వారిని యంత్రం దరిదాపులకు రానీయకూడదు.

బ్రష్ కట్టర్, కొబ్బరి దింపు సాధనాలు

ఏడాదిలో ఎక్కువ కాలం కలుపు దట్టంగా పెరిగే అండమాన్ తోటల్లో బ్రష్ కట్టర్ ఎంతో ఉపయోగపడుతుంది. దీని లోహపు పళ్లెం రాయినో మొద్దునో తాకినప్పుడు యంత్రం ఒక్కసారిగా పక్కకు విదిలించుకుంటుంది. పళ్లెం తాకిడికి ఎగిరే రాళ్లు, కొబ్బరి చిప్పల ముక్కలు కళ్లకు తగిలితే చూపే పోవచ్చు. ముఖ రక్షణ కవచం లేదా భద్రతా కళ్లద్దాలు, మందమైన బూట్లు, భుజాలకు బిగించే పట్టీ, చెవి రక్షణ తప్పనిసరి. పని జరుగుతున్న చోటికి ఇతరులు, ముఖ్యంగా పిల్లలు, కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. గడ్డిలో దాగిన ఇనుప తీగలను, రాళ్లను ముందే ఏరివేయాలి. వేడెక్కిన ఇంజిన్‌లో పెట్రోలు పోయడం వల్ల మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. చల్లారే వరకు ఆగాలి.

కొబ్బరి దింపు కార్మికులు వాడే పాదపు సాధనాల విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. కేరళలో రూపొందిన చెంబేరి నమూనా చెట్టెక్కడాన్ని సులభం చేసింది. కానీ ఎక్కడానికి సాయపడే సాధనం పడిపోకుండా ఆపే సాధనం కాదు. నడుముకు భద్రతా బెల్టు విడిగా ఉండాలి. తీగ తెగిన పోగులు, అరిగిన రబ్బరు దిండ్లు ఉన్నవేమో ప్రతి ఉదయం పరిశీలించాలి. మాను నాచుపట్టి తడిగా ఉన్న రోజున ఎక్కకపోవడమే శ్రేయస్కరం. కొబ్బరి అభివృద్ధి బోర్డు దింపు కార్మికుల కోసం 'కేర సురక్ష' పేరుతో ప్రమాద బీమా పథకాన్ని అమలు చేస్తోంది.

ట్రాలీలో మనుషులు: తెలుగు రాష్ట్రాల చేదు అనుభవం

యంత్రాలతో ముడిపడిన ప్రమాదాల్లో ఒకేసారి ఎక్కువ మందిని బలిగొన్నవి పొలంలో కాక, పొలానికి వెళ్లే దారిలో జరిగాయి. తెలంగాణలోని నల్గొండ జిల్లా పడమటి తండా సమీపంలో 2018 ఏప్రిల్ 6న కూలీలతో వెళుతున్న ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిది మంది మహిళలు మరణించారు. మూడు నెలలు తిరగకముందే, 2018 జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో మరో ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో అత్యధికులు మహిళా కూలీలే.

ట్రాలీ సరుకు కోసం రూపొందించినది. దానికి కూర్చునే సీట్లు ఉండవు, పట్టుకునే ఆధారం ఉండదు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు కూడా ఉండవు. ఆపినప్పుడు వెనుక బరువు ముందుకు నెట్టడంతో ట్రాక్టర్ అదుపు తప్పుతుంది. కాలువ గట్ల వంటి ఇరుకు దారుల్లో తిరిగి సర్దుకునే జాగా దొరకదు. ట్రాక్టర్ మడ్‌గార్డుపై కూర్చోవడం, పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుని నడపడం కూడా ఇంతే ప్రమాదకరం. ట్రాక్టర్‌పై ఒక్క సీటే ఉంది. అంటే అది ఒక్కరి కోసమే. కూలీలకు వేరే వాహనం ఏర్పాటు చేయడం ఖర్చుతో కూడినదే. అయితే ఆ ఖర్చును తప్పించుకున్నప్పుడు దాని భారం పడేది బేరమాడే శక్తి లేని కూలీల మీదే.

విద్యుత్ ప్రమాదాలు

ప్రకాశం జిల్లా రాపర్ల వద్ద 2020 మే 14న కూలీల ట్రాక్టర్ విద్యుత్ స్తంభాన్ని ఢీకొనడంతో తీగల ద్వారా కరెంటు ప్రసరించి తొమ్మిది మంది మరణించారు. అనంతపురం జిల్లా దర్గాహొన్నూరులో 2022 నవంబరు 2న ట్రాక్టర్‌పై విద్యుత్ తీగ తెగిపడి నలుగురు మహిళా కూలీలు ప్రాణాలు కోల్పోయారు. కోత యంత్రాలు, ఎత్తుగా గడ్డి వేసిన ట్రాలీలు, ఇనుప నిచ్చెనలు, కొబ్బరి కోసే పొడవాటి లోహపు గడలు తీగలను తాకే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

తీగ యంత్రంపై పడినప్పుడు చోదకుడు కంగారుగా దిగకూడదు. ఒక కాలు నేలపై, చేయి యంత్రంపై ఉన్న క్షణంలోనే కరెంటు శరీరం గుండా ప్రవహిస్తుంది. సరఫరా నిలిపివేసే వరకు సీటులోనే ఉండాలి. మంటలు చెలరేగి దిగక తప్పనిసరైతే రెండు పాదాలు కలిపి యంత్రానికి దూరంగా దూకి, పాదాలను నేలపై నుంచి ఎత్తకుండా చిన్నగా జరుపుకుంటూ వెళ్లాలి. మోటారు స్టార్టర్లకు ఎర్తింగ్ సరిగా ఉండాలి. తడి చేతులతో వాటిని తాకరాదు. డీజిల్, పెట్రోలు పంపులను బావుల్లోకి, మూసిన గదుల్లోకి దించి నడపడం వల్ల విషవాయువు పేరుకుని ప్రాణాపాయం కలుగుతుంది.

అలసట, అద్దె, భాష

అదను దాటిపోతుందన్న తొందర, చీకటి పడ్డాక పని, నిద్రలేమి అనేక ప్రమాదాలకు నేపథ్యం. గంటల తరబడి ఇంజిన్ మోత, కంపనం వల్ల ఏకాగ్రత సన్నగిల్లుతుంది. ఉదయం నుంచి అదే పనిలో ఉన్న వ్యక్తికి సాయంత్రానికి తిరుగుతున్న డ్రమ్ము భయం కలిగించదు. రెండు గంటలకు ఒకసారి విరామం ఇవ్వడం, నూర్పిడిలో మోపు అందించే మనిషిని మార్చడం మేలు.

2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద దేశవ్యాప్తంగా అద్దె యంత్రాల కేంద్రాలు ఏర్పాటయ్యాయి. చిన్న రైతుకు ఇది ఊరట. అయితే అద్దె యంత్రం వారానికి నలుగురి చేతులు మారుతుంది. ఏ బోల్టు వదులైందో, ఏ క్లచ్ పట్టేస్తోందో తర్వాతి వ్యక్తికి తెలియదు. అప్పగించేటప్పుడు లోపాలను నోటితో చెప్పడమే కాక, యంత్రానికే ఒక చీటీ కట్టడం మంచి పద్ధతి.

తెలుగు, బెంగాలీ, తమిళం, మలయాళం, హిందీ మాట్లాడేవారు పక్కపక్కనే పనిచేసే అండమాన్‌లో మరొక అంశం ముఖ్యం. యంత్రాలతో వచ్చే సూచనల పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. హెచ్చరిక చదవలేని వ్యక్తికి ఆ హెచ్చరిక లేనట్టే. విక్రేత గానీ, యజమాని గానీ నడిపే వ్యక్తికి అర్థమయ్యే భాషలో, యంత్రం ఎదుట నిలబడి చూపించాలి. ఈ విషయంలో రైతులు దక్షిణ అండమాన్‌లోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని, వ్యవసాయ శాఖ సిబ్బందిని సంప్రదించవచ్చు.

ప్రమాదం జరిగిన వెంటనే

ముందుగా ఇంజిన్‌ను లేదా విద్యుత్తును ఆపాలి. యంత్రంలో చిక్కిన చేతిని బలవంతంగా లాగడం, డ్రమ్మును అటూ ఇటూ తిప్పడం గాయాన్ని మరింత పెంచుతాయి. బెల్టును తొలగించి, అవసరమైన భాగాలను విప్పి చేతిని విడిపించాలి. రక్తస్రావం అవుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. గుడ్డ తడిస్తే దానిని తీయకుండా పైన మరొకటి వేయాలి. అదిమినా ఆగని తీవ్ర రక్తస్రావమైతే గాయానికి పైభాగంలో వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టి, కట్టిన సమయాన్ని రాసి ఉంచాలి. గాయంపై పసుపు, కాఫీ పొడి, మట్టి, డీజిల్ వంటివి వేయరాదు.

తెగిపడిన వేలు లేదా చేతిని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు ముక్కలపై ఉంచాలి. తెగిన భాగాన్ని నేరుగా మంచులో గానీ, నీటిలో గానీ వేయకూడదు. కండ ఎక్కువగా ఉన్న భాగాలను తిరిగి అతికించడానికి సాధారణంగా సుమారు ఆరు గంటల వ్యవధే ఉంటుంది. అటువంటి శస్త్రచికిత్స అన్ని ఆసుపత్రుల్లోనూ లభించదు. ఫెరార్గంజ్ పరిసర గ్రామాల వారికి పెద్ద ఆసుపత్రి శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) లోని జి.బి. పంత్ ఆసుపత్రి. రోడ్డు మార్గంలో గానీ, బాంబూఫ్లాట్ నుంచి చాథామ్‌కు ఫెర్రీలో గానీ అక్కడికి చేరాలి. ఈ దూరం వల్లనే ఇక్కడ నివారణకు మరింత ప్రాధాన్యం ఉంది. సహాయానికి 112 నంబరుకు ఫోన్ చేయాలి. గాయం చిన్నదైనా ధనుర్వాతం టీకా గురించి వైద్యుని అడగాలి.

చట్టం, పరిహారం

నూర్పిడి యంత్రాల వల్ల అంగవైకల్యాలు పెరిగిన నేపథ్యంలో పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. దేశమంతటికీ వర్తించే ఈ చట్టం యంత్రశక్తితో నడిచే నూర్పిడి యంత్రాల తయారీదారులు, విక్రేతలు లైసెన్సు పొందాలని, యంత్రాలకు నిర్దేశిత రక్షణ ఏర్పాట్లు ఉండాలని చెబుతోంది. ట్రాక్టర్లు, ఇతర యాంత్రిక సాధనాలతో సాగు పనుల్లో నియమితులైన కార్మికులను 1923 నాటి పరిహార చట్టం తన పరిధిలోకి తెచ్చింది. ఇప్పుడు ఈ అంశం 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో భాగం.

ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన కింద 18 నుంచి 70 ఏళ్ల వయసు గల బ్యాంకు, పోస్టాఫీసు ఖాతాదారులు ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రమాద బీమా పొందవచ్చు. మరణానికి, శాశ్వత సంపూర్ణ వైకల్యానికి 2 లక్షల రూపాయలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి లక్ష రూపాయలు చెల్లిస్తారు. క్లెయిమ్ కోసం పోలీసు నివేదిక, ఆసుపత్రి పత్రాలు కీలకం. పొలంలో జరిగిన గాయాన్ని నమోదు చేయించకపోవడం వల్ల పరిహారానికి ఆటంకం ఏర్పడవచ్చు.

పని మొదలుపెట్టే ముందు

- కవచాలు, తొడుగులు, బోల్టులు, బ్రేకులు సరిచూసుకోవాలి. కవచం లేని యంత్రాన్ని నడపకూడదు.
- కొంగు, తువ్వాలు, గాజులు, జుట్టు సర్దుకోవాలి. చెప్పులు కాక బూట్లు ధరించాలి.
- వాలు, గట్టు అంచు, మెత్తని నేల, పైన వేలాడే తీగలను నడిచి చూసుకోవాలి.
- ఇరుక్కున్నది తీయడానికి, నూనె వేయడానికి, సర్దడానికి ముందు ఇంజిన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకోవాలి.
- ట్రాలీలో, మడ్‌గార్డుపై ఎవరినీ ఎక్కించుకోకూడదు. పిల్లలను యంత్రానికి దూరంగా ఉంచాలి.
- ఒంటరిగా పని చేసేటప్పుడు ఎక్కడున్నదీ, ఎప్పుడు తిరిగివచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి.

ఇంజిన్ ఆపి మళ్లీ నడపడానికి పట్టేది నిమిషం లోపే. చేతిని కోల్పోయిన రైతుకు ఆ తర్వాతి ప్రతి పంటకూ మరొకరి సాయం కావాలి.